పూత మీద పూత

ఆడ నత్తకు మగ అంగం మొలిచింది. మొలిచి ఊరుకోలేదు, పెరిగింది. పెరిగి, గుడ్లు బయటికొచ్చే దారిని మూసేసింది. పెట్టాల్సిన గుడ్లన్నీ ఒంట్లోనే పేరుకుపోయి ఆ తల్లి చచ్చిపోయింది. ఇంగ్లండు నైరుతి మూలన ప్లిమత్ అనే రేవుంది. అక్కడి రాళ్ళను అంటిపెట్టుకుని బతికే డాగ్‌వెల్క్ అనే సముద్రపు నత్తల్లో, ఆడవాటికి మగ అంగం మొలుస్తోందని 1970లో స్టీఫెన్ బ్లేబర్ అనే పరిశోధకుడు నమోదు చేశాడు. మరుసటేడు అమెరికాలో స్మిత్ అనే శాస్త్రవేత్త ఇంకో జాతి నత్తలో ఇలాంటిదే చూసి దానికి ఇంపోసెక్స్ అని పేరు పెట్టాడు. పడవలు కట్టే చోటికి దగ్గరున్న నత్తల్లో ఈ వికృతి ఎక్కువ, దూరం జరిగేకొద్దీ తక్కువ. అనుమానించడానికి ఆ ఒక్క సంగతి చాలు. 1981కల్లా స్మిత్ కారణం కూడా చెప్పేశాడు. పడవల అడుగుకు పూసే పెయింట్‌లోని ట్రైబ్యుటైల్‌టిన్. పొట్టిగా టీబీటీ.

ఆ విషం ఏ ఓడ మీదా ఉండకూడదన్న అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి వచ్చింది 2008 సెప్టెంబరు 17న.

1970 ఎక్కడ, 2008 ఎక్కడ! ప్లిమత్‌లో మొదటి వికృత నత్త కనబడిన ఏడాది పుట్టిన బిడ్డ, ఒప్పందం అమల్లోకి వచ్చేసరికి తన బిడ్డను హైస్కూలుకు పంపే వయసుకొచ్చి ఉంటుంది. ఇన్నేళ్ళూ తెలియకపోవడం వల్ల జరిగిన ఆలస్యమైతే నాకు ఇంత కడుపు మండేది కాదు. తెలిసీ జరిగింది. కాగితాల మీద, కొలతలతో, ప్రయోగశాల రుజువులతో, దేశాల చట్టసభల్లో చర్చలతో సహా తెలిసి జరిగింది.

ఓడకు రంగు ఎందుకు పూస్తారో ఎరగక మాట్లాడటం లేదు. వెచ్చటి సముద్రంలో ఓ నావను కొన్ని వారాలు కదలకుండా ఉంచి చూడండి. ముందు జిగురు పడుతుంది. తర్వాత నాచు. ఆ తర్వాత బార్నకిల్స్ అనే గట్టి గుల్లలు, ఆలిచిప్పలు, గొట్టపు పురుగులు. గరుకెక్కిన అడుగు నీళ్ళను కోయలేదు. అదే వేగంతో పోవడానికి ఓడ ఎంతో ఎక్కువ ఇంధనం తాగుతుంది. ఎక్కువ పొగ కక్కుతుంది. పైగా ఆ గుల్లలు ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి ప్రయాణించి, దిగినచోట స్థానిక ప్రాణుల నోరు కొడతాయి. ఇదంతా నిజమే. అందుకే పూర్వం తారు పూశారు. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌకకు రాగి రేకులు తొడిగి చూసింది. తర్వాత రాగి కలిపిన పెయింట్లు వచ్చాయి. 1950లలో తగరపు సేంద్రియ సమ్మేళనాలకు బూజునూ పురుగునూ చంపే గుణం ఉందని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు తేల్చారు. 1960లలో అవి ఓడ పెయింట్లలోకి ఎక్కాయి. 1970లలో వాటికి ఇంకో హంగు చేరింది. నీళ్ళు ఒరుసుకున్నకొద్దీ పైపొర కొద్దికొద్దిగా అరిగిపోతూ, కింది పొర తాజా విషంతో బయటపడే పెయింట్. దాన్ని పూస్తే ఐదేళ్ళ దాకా ఓడను నీళ్ళలోంచి తీసి డ్రై డాక్ ఎక్కించక్కర్లేదు. యజమానికి అంతకన్నా ఏం కావాలి?

ఇక్కడే నన్ను నిలవనివ్వని సంగతి ఒకటుంది. నడిసముద్రంలో చమురు ఒలికితే ప్రమాదం అంటాం. ఫ్యాక్టరీ గొట్టం పగిలితే నిర్లక్ష్యం అంటాం. ఈ పెయింట్ పగలనూ లేదు, ఒలకనూ లేదు. నీళ్ళలోకి విషం వదలడమే దాని పని. రాత్రీ పగలూ, రేవులో ఆగినా దారిలో నడిచినా, ఐదేళ్ళపాటు ఆపకుండా వదలాలనే దాన్ని తయారుచేశారు. అది ఎంత బాగా వదిలితే అంత మంచి పెయింట్ అని అమ్ముకున్నారు. సముద్రంలోకి మనిషి కావాలని వదిలిన విషాల్లో ఇంత ఘోరమైనది మరొకటి ఉందా అని శాస్త్రవేత్తలే అడిగారు.

ఎంత ఘోరమో ఒక్క లెక్క చెబుతాను. లీటరు నీళ్ళలో ఒక నానోగ్రాము టీబీటీ ఉంటే చాలు, ఆడ డాగ్‌వెల్క్ ఒళ్ళు మగవాటం తిరగడం మొదలవుతుంది. లీటరుకు ఒక నానోగ్రామంటే వంద కోట్ల లీటర్ల నీళ్ళలో ఒక్క గ్రాము. ఆ మోతాదు ఇంకాస్త పెరిగితే గొడ్డుబోతుంది. ఈ నత్త పిల్లలు నీళ్ళలో తేలుతూ వేరే తీరాలకు పోయే రకం కూడా కావు. గుడ్డు తిత్తి లోంచి పాకుతూ బయటికొచ్చి ఆ రాయి మీదే బతుకుతాయి. కనక ఒక చోట తల్లులు చస్తే ఆ చోటు ఖాళీ. పక్క ఊరి నుంచి వలస వచ్చి నిండేది ఉండదు. ఇంగ్లండు దక్షిణ తీరంలో రేవుల చుట్టూ అలాగే ఖాళీలయ్యాయి.

నత్తే కదా అన్నారు. దాన్ని కిలో లెక్కన కొనేవాడు లేడు. దాని కోసం పార్లమెంటులో లేచి నిలబడేవాడు లేడు. అందుకే ప్రపంచం కదిలింది నత్తను చూసి కాదు, తినే ఆలిచిప్పను చూసి.

ఫ్రాన్స్ పశ్చిమ తీరాన ఆర్కషాన్ అఖాతం ఉంది. తరాలుగా ఆలిచిప్పల సాగు మీదే బతికే ఊళ్ళు దాని చుట్టూ ఉన్నాయి. అదే అఖాతంలో వేసవి కాలక్షేపానికి వచ్చే షికారు పడవలు వేలల్లో ఉంటాయి. 1970ల చివర్లో అక్కడ ఆలిచిప్ప పిల్లలు దిగడం మానేశాయి. వాటి కోసం నీళ్ళలో ముంచిన పలకలు ఏటికేడు ఖాళీగానే పైకొచ్చాయి. ఉన్న చిప్పలు వంకరపోయాయి. గుల్ల గోడలు పొరలు పొరలుగా విడి, మధ్యలో జిగురు నిండి, ఉండల్లా ఉబ్బాయి. ఎవరు కొంటారు? సాగుదారులు ముందు తమనే అనుమానించుకున్నారు, విత్తనం మంచిది కాదేమో, రోగమేమో అని. క్లోడ్ అల్జియూ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ అనుమానపు వేలిని పడవల అడుగు వైపు తిప్పారు. 1982 జనవరిలో ఫ్రాన్స్ 25 మీటర్లకన్నా చిన్న పడవలకు టీబీటీ పెయింట్ నిషేధించింది. ఆ నిషేధం పనిచేసింది. కొద్ది కాలంలోనే పిల్లలు మళ్ళీ దిగాయి, చిప్పలు మళ్ళీ చిప్పల్లా పెరిగాయి. విషం ఆపితే సముద్రం కోలుకుంటుందని 1980లలోనే కళ్ళెదుట రుజువైంది. బ్రిటన్ 1987లో, అమెరికా 1988లో చట్టాలు చేశాయి.

అన్నిట్లోనూ అదే గీత. చిన్న పడవల మీద నిషేధం, పెద్ద ఓడలకు మినహాయింపు. కారణం ఏమని చెప్పారు? పెద్ద ఓడలు నడిసముద్రంలో తిరుగుతాయి, అక్కడ విషం పలచబడిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు అని.

ఈ మాట చెప్పినవాళ్ళు ఓడను ఎప్పుడైనా చూశారా? ఓడ పుట్టేది ఒడ్డున. సరుకు ఎత్తేది, దించేది ఒడ్డున. వంతు కోసం లంగరేసి రోజుల తరబడి నిలబడేది ఒడ్డు కనబడే దూరంలో. గోకి రంగు వేసేది ఒడ్డున. చివరికి విరగ్గొట్టేది కూడా ఒడ్డునే. స్కాట్లాండు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో సల్లమ్ వో అనే చమురు రేవుంది. అక్కడికి వచ్చేవి షికారు పడవలు కావు, భారీ ట్యాంకర్లు. అక్కడి నత్తలూ గొడ్డుబోయాయి. నడిసముద్రం మాటా తేలిపోయింది. 1990లలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త కాటో టెన్ హాలర్స్-త్యాబెస్, ఆమె సహచరులు ఉత్తర సముద్రం అడుగున బతికే నత్తలను పరిశీలించారు. ఓడల రద్దీ ఎక్కడ ఎక్కువో అక్కడే ఇంపోసెక్స్ ఎక్కువ. పలచబడలేదు. ఓడ దారి పొడుగునా విషం దారి కూడా గీసుకుంటూ పోయింది.

ఇక అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సంగతి. లండన్‌లో థేమ్స్ ఒడ్డున దాని కార్యాలయం. ప్రపంచ ఓడలన్నిటికీ నియమాలు రాసే చోటు అది. 1990లో అది చిన్న పడవల మీద టీబీటీ ఆపమని దేశాలను కోరింది. కోరింది, అంతే. 1999లో సర్వసభ్య సభ తీర్మానించింది: 2003 జనవరి 1 నుంచి కొత్తగా పూయకూడదు, 2008 జనవరి 1 నుంచి ఏ ఓడ మీదా ఉండకూడదు. 2001 అక్టోబరు 5న ఆ తేదీలతోనే ఒప్పందం సిద్ధమైంది. సంతకాలకు పెట్టారు. అమల్లోకి రావాలంటే 25 దేశాలు ఒప్పుకోవాలి, ఆ దేశాల జెండాల కింద ప్రపంచ ఓడల టన్నేజీలో 25 శాతం ఉండాలి, ఆపైన ఏడాది గడవాలి.

ఇక్కడ జెండా అంటే ఏమిటో తెలియాలి. యజమాని ఒక దేశం, సిబ్బంది ఇంకో దేశం, ఓడ వెనక ఎగిరే జెండా మాత్రం పనామాదో లైబీరియాదో మార్షల్ దీవులదో. పన్నులు తక్కువ, ప్రశ్నలు తక్కువ కాబట్టి అక్కడ నమోదు చేసుకుంటారు. టన్నేజీలో పెద్ద భాగం అలాంటి జెండాల కిందే ఉంది. సముద్రాన్ని కాపాడే ఒప్పందం అమలు కావాలంటే ఆ జెండాలు కదలాలి. 2003 జనవరి 1 వచ్చింది, వెళ్ళింది. ఒప్పందం నిద్రపోతూనే ఉంది. యూరప్ దేశాలు ఓపిక పట్టలేక తమ చట్టం తాము చేసుకున్నాయి. 2007 సెప్టెంబరు 17న పనామా చేరాకే లెక్క నిండింది. ఏడాది గడిచి ఒప్పందం ప్రాణం పోసుకునేసరికి, అందులో రాసుకున్న రెండు గడువు తేదీలూ ఎప్పుడో దాటిపోయాయి. తన గడువులు తీరిపోయాక పుట్టిన చట్టం అది. ఆ ఏడేళ్ళలో ఎన్ని ఓడలకు ఎన్ని పూతలు పడ్డాయో ఎవరు లెక్క చెబుతారు?

ఆ ఒప్పందాన్ని చదివితే కోపం ఇంకా పెరుగుతుంది. మూడో అధికరణం యుద్ధనౌకలకూ, ప్రభుత్వం వ్యాపారేతర పనులకు నడిపే ఓడలకూ ఇది వర్తించదంటుంది. వీలైనంత వరకు దీనికి తగ్గట్టు నడుచుకోండని ప్రభుత్వాలకు ఓ మెత్తని మాట చెప్పి వదిలేస్తుంది. నాలుగు వందల టన్నేజీకి తక్కువై 24 మీటర్లు దాటిన ఓడకు తనిఖీ కూడా లేదు, యజమాని స్వయంగా రాసిచ్చే ప్రకటన చాలు. అంతకన్నా చిన్నవాటిని ఏ కాగితమూ అడగదు. పదకొండో అధికరణం రేవు అధికారి ఓడెక్కి ఏం చేయొచ్చో చెబుతుంది. సర్టిఫికెట్ చూడొచ్చు. పూత చెడకుండా కొద్దిగా నమూనా తీసుకోవచ్చు. కానీ ఆ నమూనా ఫలితం వచ్చేదాకా ఓడను ఆపడానికి వీల్లేదని అక్కడే స్పష్టంగా రాశారు. ఫలితం ఎప్పుడొస్తుంది? ఓడ వెళ్ళిపోయాక. ఇలాంటి వాక్యం రాయడానికి చేతులెలా వచ్చాయి? ఒక రేవు నీళ్ళకన్నా ఒక ఓడ ప్రయాణ వేళ ముఖ్యమని ప్రపంచ దేశాల ప్రతినిధులు కూచుని ఒప్పుకున్నారు.

అన్నిటికన్నా నన్ను బాధించేది ఇంకొకటి. పాత టీబీటీ పూత ఉన్న ఓడ దాన్ని గీకి తీసేయాలని ఒప్పందం పట్టుబట్టదు. ఆ విషం బయటికి రాకుండా పైన ఇంకో పూత వేసినా చాలు. పూత మీద పూత. గీకడానికి డ్రై డాక్‌లో రోజులు పడతాయి, డబ్బు పడుతుంది, గీకిన చెత్తను ఎక్కడో పెట్టాలి. పైపూత వేస్తే సర్టిఫికెట్ వస్తుంది. విషం ఎక్కడికీ పోలేదు, మన కంటికి కనబడకుండా పోయింది. చాలా ఓడలు అలాగే బతికాయి.

ఇప్పుడు ఆ ఓడలు ఎక్కడున్నాయి? 2003కు ముందు రంగు వేసిన ఓడకు ఇవాళ ఎంత లేదన్నా రెండు పదులు దాటిన వయసు. సరుకు ఓడ ముసలిదై విరగ్గొట్టే తీరానికి చేరే వయసు అదే. గుజరాత్‌లోని అలంగ్, బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ దగ్గరి సీతాకుండ, పాకిస్తాన్‌లోని గడానీ. పోటు మీద ఓడను ఇసుకలోకి తోలి, పాటులో గ్యాస్ కట్టర్లతో కోస్తారు. ఉక్కుతో పాటు పూత మీది పూతా, దాని కింది పూతా తెగిపడతాయి. మంట తగిలి పొగవుతాయి, పెచ్చులై బురదలో కలుస్తాయి. అలంగ్‌లో కోసేవాళ్ళు ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి, బీహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు. తాము పీల్చేదేమిటో వాళ్ళకు ఎవరు చెబుతారు? ఓడను విరిచే ముందు అందులోని విషాల జాబితా ఇవ్వాలనే హాంకాంగ్ ఒప్పందం 2009లో సిద్ధమైంది. అమల్లోకి వచ్చింది 2025 జూన్ 26న. పదహారేళ్ళు. అక్కడా అవే సంతకాల ఎదురుచూపులు, అదే టన్నేజీ లెక్క. రోగం ఒకటే.

బురద సంగతి వేరే చెప్పాలి. నీళ్ళలో, వెలుతురు తగిలేచోట టీబీటీ కొన్నాళ్ళకు విరిగిపోతుంది. గాలి ఆడని రేవు అడుగు బురదలో అలా కాదు. ఏళ్ళ తరబడి, పదుల ఏళ్ళు కూడా అలాగే ఉంటుంది. లోతు కోసం డ్రెడ్జర్ ఆ బురదను కదిలించినప్పుడల్లా నిద్రలేస్తుంది. ఒక్కోసారి డ్రెడ్జర్ కూడా అక్కర్లేదు. 2000 నవంబరులో బుంగా తెరతాయ్ సతు అనే మలేసియా కంటైనర్ ఓడ ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో సడ్‌బరీ దిబ్బకెక్కి ఇరుక్కుంది. చమురు పెద్దగా ఒలకలేదని అంతా ఊపిరి పీల్చుకున్నారు. కానీ పగడాల మీద ఓడ అడుగు రాసుకుని టీబీటీ పెయింట్ పెచ్చులు పరుచుకున్నాయి. ఆ చెత్తను సముద్రం అడుగు నుంచి తోడి తీయాల్సి వచ్చింది. పగడం మెల్లగా పెరిగే ప్రాణి. దాని లెక్కలో మనిషి ఆయుష్షు చిన్నది.

సరే, ఆలస్యమైనా టీబీటీ పోయిందనుకుందాం. దాని స్థానంలో ఏం వచ్చింది? మళ్ళీ రాగి, దానికి తోడు సహాయ విషాలు. వాటిలో ఒకటి సైబుట్రిన్, మార్కెట్లో ఇర్గరాల్ అంటారు. ఇది మొక్క ఎండలో తిండి వండుకునే పనినే ఆపేస్తుంది. నాచుకని వేస్తారు. సముద్రపు గడ్డి, పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మ నాచు, చేపకు మొదటి మెతుకైన ప్లవకం, అన్నీ ఆ పని మీదే బతుకుతాయని వేసేవాళ్ళకు తెలియదా? ఫ్రాన్స్ దక్షిణ తీరపు పడవల రేవుల్లో ఇది నీళ్ళలో కలుస్తోందని 1993లోనే శాస్త్రవేత్తలు ప్రచురించారు. అంటే టీబీటీ ఒప్పందానికి ఎనిమిదేళ్ళ ముందే. యూరప్ 2016లో దీనికి అనుమతి నిరాకరించింది. సముద్రయాన సంస్థ 2021లో దీన్ని నిషేధ జాబితాలో చేర్చింది, 2023 జనవరి 1 నుంచి అమలు. అప్పటికే పూసినవాళ్ళకు ఆఖరి పూత నుంచి 60 నెలల దాకా గడువు. అంటే 2022 చివర్లో పూసిన ఓడ 2027 చివరి దాకా ఈ విషాన్ని చట్టబద్ధంగానే వదులుకుంటూ తిరగొచ్చు. 2001 నుంచి 2021 వరకు ఇరవై ఏళ్ళలో ఆ జాబితాలో కొత్తగా చేరిన పేరు ఇదొక్కటే.

కథ నడక మారలేదు, గమనించండి. ముందు అమ్ముతారు. ప్రాణులు చస్తాయి. శాస్త్రవేత్త చెబుతాడు. ఇంకా రుజువులు కావాలంటారు. చిన్న పడవల మీద నిషేధిస్తారు. పెద్దవాటికి ఇంకో పదేళ్ళు. ఈలోగా కొత్త సరుకు తయారవుతుంది. హానికరం కాదని నిరూపించాకే అమ్మాలన్న నియమం ఉంటే ఈ చక్రం తిరగదు. కానీ సముద్రం విషయంలో రుజువు భారం ఎప్పుడూ చచ్చిన ప్రాణి మీదే. విషం లేని సిలికాన్ పూతలు ఉన్నాయి, గుల్ల పట్టు దొరక్క జారిపోతుంది. నీళ్ళలోనే జాగ్రత్తగా తుడిచి, రాలిన చెత్తను పీల్చి పట్టే యంత్రాలున్నాయి. ఖరీదు ఎక్కువంటారు. ఆర్కషాన్ సాగుదారు కట్టిన ఖరీదు ఎవరి పద్దులో రాశారు?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. విశాఖ రేవుకు ఈ గుల్లల కథ కొత్త కాదు. అమెరికా ఖండపు అట్లాంటిక్ తీరానికి చెందిన ఒక చారల ఆలిచిప్ప 1967లో విశాఖ రేవులో కనబడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రవేత్త పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో దాని మీద శాస్త్రీయంగా రాశారు. ఓడల వెంట వచ్చిందనే అంచనా. ఆ తర్వాత ముంబై దాకా పాకింది. ఇదే ఆలిచిప్ప 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవుల్లో కనబడింది. వాళ్ళేం చేశారు? రేవులకు తాళం వేశారు. పడవలన్నీ ఎక్కడికక్కడ నిలిపేశారు. నీళ్ళలో క్లోరిన్, మైలుతుత్తం పోసి కొన్ని వారాల్లోనే ఆ జాతిని అక్కడి నుంచి తుడిచిపెట్టారు. ఆ పద్ధతి మంచిదా అంటే నేను చప్పున అవునని చెప్పలేను, ఆ నీళ్ళలోని మిగతా ప్రాణాలూ పోయాయి కదా. కానీ తలచుకుంటే ఒక ప్రభుత్వం ఎంత వేగంగా కదలగలదో అక్కడ చూశాం. విశాఖలో అది నేటికీ కాపురం చేస్తూనే ఉంది.

టీబీటీ మన తీరానికీ చేరింది. 1999లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు క్రోనియా కొంకనెన్సిస్ అనే నత్తలో ఇంపోసెక్స్ నమోదు చేశారు. ప్లిమత్‌లో కనబడిన దాదాపు ముప్పై ఏళ్ళకు మన నత్తకూ అదే గతి. మన రేవుల నీళ్ళలో, బురదలో ఈ తగరపు సమ్మేళనాలు ఉన్నాయని ఆ సంస్థవాళ్ళే ఆ తర్వాత కొలిచి చూపించారు. మన దేశం ఈ నియమాలను మర్చంట్ షిప్పింగ్ చట్టంలోకి తెచ్చుకుంది 2014లో చేసిన సవరణతో. ఒప్పందం రాసిన పదమూడేళ్ళకు. ఈ పదమూడేళ్ళలో ఈ సంగతి తెలుగు నేల మీద ఎక్కడైనా ఎన్నికల మాటయిందా? రేవు వార్తంటే మనకు ఎన్ని లక్షల టన్నులు ఎత్తారు, కొత్త బెర్తు ఎవరికి దక్కింది అన్నదే. విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం. రేవు వెంట రేవు కడుతున్నాం, ఇంకా కడతామని గర్వంగా చెప్పుకుంటున్నాం. ఓడ ఎంత పెద్దదో చెబుతాం. దాని అడుగున ఏముందో అడగం.

అడగాల్సినవాళ్ళు ఎవరో నాకు తెలుసు. విశాఖ జాలరిపేటల్లో తెల్లారకముందే వలలు సర్దుకునేవాళ్ళు. తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరిగే ఆడవాళ్ళు. కాకినాడ అఖాతంలో నడుములోతు నీళ్ళలో దిగి గుల్లలేరుకునే కుటుంబాలు. చేప తగ్గిందని వాళ్ళు చెబితే, ఎక్కువ పట్టారు కాబట్టి తగ్గిందని వాళ్ళ మీదే నెపం పెడతాం. వేట నిషేధం రోజుల్లో వాళ్ళ పడవలు ఒడ్డెక్కుతాయి, మంచిదే. ఆ రోజుల్లోనూ ఓడ లంగరు చోట నిలబడి తన పూత నీళ్ళలో కలుపుకుంటూనే ఉంటుంది. దానికి విరామం లేదు. నియమాలన్నీ బలహీనుడి పడవకు, మినహాయింపులన్నీ బలవంతుడి ఓడకు. ఫ్రాన్స్‌లో 25 మీటర్ల గీత గీసినప్పుడు మొదలైన ఈ అన్యాయం మన ఒడ్డు దాకా అలాగే వచ్చింది.

డ్రై డాక్‌లో గొట్టంతో గ్రిట్ అనే గరుకు రవ్వ కొట్టి ఓడ అడుగు గీకే కూలీని కూడా ఈ మాటల్లో కలపాలి. విశాఖలో ఆ పని మీద బతికే ఇళ్ళున్నాయి. టీబీటీ చర్మాన్ని కాలుస్తుంది, కళ్ళను మండిస్తుంది, ఊపిరిని పట్టేస్తుంది. పాత ఓడ పైపూత కింద ఏ పొర ఉందో ఓడ కాగితాల్లో రాసి ఉంటుంది. ఆ కాగితం కెప్టెన్ దగ్గర, ఏజెంటు దగ్గర, సర్వేయరు దగ్గర ఉంటుంది. గొట్టం పట్టుకున్నవాడి దగ్గర ఉండదు.

సముద్రయాన సంస్థలో గుల్లలు, నాచు గురించిన నియమాలు 2023లో సవరించాక కూడా కేవలం సలహాలే. 2025 ఏప్రిల్‌లో వాటికి కట్టుబాటు ఉండే చట్టరూపం తెద్దామని దేశాలు ఒప్పుకున్నాయి. అంటే పని మొదలవుతుంది. ఎప్పటికి పూర్తవుతుంది? మళ్ళీ ఎన్ని సంతకాలు, ఎంత టన్నేజీ, ఎన్నేళ్ళు? ఆ బల్ల దగ్గర మన దేశానికీ కుర్చీ ఉంది. నమూనా ఫలితం వచ్చేదాకా ఓడను ఆపకూడదన్న వాక్యాన్ని కొట్టేయమని మన ప్రతినిధి లేచి అడగాలి. గోరంత హాని కూడా లేదని తేలనిదే ఏ కొత్త విషాన్నీ పెయింట్‌లో కలపకూడదని అడగాలి. లండన్ దాకా పోనక్కర్లేని పనులూ ఉన్నాయి. మన రేవుల్లో ప్రతి ఒక్కదాని అడుగు బురదలో టీబీటీ ఎంత, ఇర్గరాల్ ఎంత, రాగి ఎంత, ఏటా కొలిచి తెలుగులో, జాలరిపేట పంచాయతీ గోడ మీద అంటించాలి. డ్రెడ్జర్ బురద తోడే ముందు ఆ లెక్క చూపించాలి. డాకులో గొట్టం పట్టేవాడికి పొర పేరు చెప్పి, మాస్కు ఇచ్చి, అప్పుడు పని మొదలెట్టాలి. వీటిలో ఏ ఒక్కదానికీ పనామా సంతకం అక్కర్లేదు. ఏ ఒక్కదానికీ ఇంకో ముప్పై ఎనిమిదేళ్ళు అక్కర్లేదు. ఇవాళ ఉత్తర్వు ఇస్తే రేపు పని మొదలవుతుంది. ఎందుకు ఇవ్వరో రేవు అధికారులు, ఓడరేవుల మంత్రులు, ఓట్లడగడానికి జాలరిపేటల్లోకి వచ్చే ప్రతి నాయకుడూ ఆ ఇసుకలో నిలబడి జవాబు చెప్పాలి.